బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంటే నిజంగా ప్రమాదమా?

బెంగళూరు మారతహళ్లిలో మీరు అద్దెకు దిగిన ఇంట్లో గ్యాస్ గీజర్ బాత్రూం లోపలే ఉందన్నారు. ప్రమాదమే. గ్యాస్ లీకైతే వాసన పట్టేస్తాం. అసలు భయం మంటతోనే. అన్నీ మూసుకుని స్నానం చేస్తుంటే గదిలో ఆక్సిజన్ తగ్గి, గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల బరువెక్కి, కళ్లు తిరిగి, గడియ తీసే ఓపిక కూడా ఉండదు. బెంగళూరు డిసెంబర్ చలికి వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టేవాళ్లను చూశాను, కొంప ముంచేది అదే. నీలిమంట పసుపుగా మారితే వాడకం ఆపి మెకానిక్‌ను పిలవండి. ఓనర్‌తో మాట్లాడి గీజర్‌ను గాలాడే బాల్కనీలోకి మార్పించండి. లోపలికి వేడినీళ్ల పైపు వస్తే చాలు. అప్పటిదాకా తలుపు బార్లా తెరిచి బకెట్ నింపుకుని, గీజర్ కట్టేశాకే స్నానానికి వెళ్లండి.