గిటారు మీద ఉన్న పేరుకు ఎంత చెల్లించాలి?

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పన్నులు పోను నెలకు 1.10 లక్షల రూపాయలు చేతికి వస్తాయి. గృహ రుణం వాయిదా 38,000, ఇంటి ఖర్చులు 42,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 12,000. అత్యవసరానికని బ్యాంకులో 2 లక్షలు ఉంచాను. వారాంతాల్లో మిత్రులతో కలిసి బ్యాండులో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాను. దాని మీద నెలకు సగటున 7,000 వస్తుంది. అమెరికన్ గిటారిస్టు జాన్ మేయర్ పేరుతో పీఆర్‌ఎస్ కంపెనీ చేస్తున్న సిల్వర్ స్కై గిటారు కొనాలని ఉంది. అమెరికాలో తయారయ్యేది ఇక్కడి దుకాణంలో 2.50 లక్షలు చెప్పారు. క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీతో 18 నెలల వాయిదాలు. డల్లాస్‌లో ఉన్న మా బావగారు వచ్చేటప్పుడు తెస్తే తక్కువలో వస్తుందంటున్నారు. అదే పేరుతో ఇండొనేషియాలో తయారయ్యే ఎస్‌ఈ మోడల్ 95,000కు దొరుకుతోంది. ‘ఎవరో వాయించే ఆయన పేరుకు మనమెందుకు డబ్బు కట్టాలి?’ అని నా భార్య అడుగుతోంది. ఇలాంటి గిటార్ల ధర పెరుగుతుంది కాబట్టి ఇది పెట్టుబడే అని నా వాదన. అసలు ఒక సంగీతకారుడికి తన పేరుతో గిటారు ఉండే అర్హత ఉంటుందా? మీ సలహా చెప్పండి.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఇంట్లో జరుగుతున్న వాదనలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. సంగీతకారుడికి ఆ గౌరవం దక్కవచ్చా అన్నది ఒకటి, దానికి మీరు డబ్బు చెల్లించవచ్చా అన్నది మరొకటి. మొదటిదానికి నా జవాబు కొన్ని సందర్భాల్లో అవును. వాద్యం నిర్మాణంలో ఆ కళాకారుడు ఏదైనా మార్పించి ఉంటే, ఆ మార్పు మీ వేళ్లకు, మీ చెవికి తెలుస్తూ ఉంటే ఆయన పేరు అక్కడ ఉండడం న్యాయమే. అయితే మీరు చెల్లించే అదనపు ధర ఆ మార్పుకు మాత్రమే కావాలి. పేరు అనేది కంపెనీకీ కళాకారుడికీ మధ్య ఉన్న ఒప్పందం. అందులో మీకు వాటా లేదు, దాని గడువు మీ చేతిలో లేదు.

ఈ వ్యాపారంలో అన్నిటికంటే ప్రసిద్ధమైన పేరు అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్. ఆయన 1940ల ఆరంభంలోనే లోపల డొల్ల లేని ఘనమైన చెక్క దిమ్మెతో ఒక గిటారు తయారు చేసుకున్నారు. ఫెండర్ కంపెనీ దిమ్మె గిటార్లతో మార్కెట్లోకి వచ్చాక, 1952లో గిబ్సన్ కంపెనీ ఆయన పేరుతో తన మోడల్‌ను విడుదల చేసింది. ఆ రూపకల్పనలో ఆయన పాత్ర ఎంత, అప్పటి గిబ్సన్ అధ్యక్షుడు టెడ్ మెకార్టీ బృందం పాత్ర ఎంత అన్న విషయంలో ఇరు పక్షాల కథనాలు కలవవు. 1961లో కంపెనీ ఆ గిటారు ఆకారాన్నే మార్చివేసింది. ఒప్పందం కూడా ముగియడంతో 1963 నాటికి ఆయన పేరు దాని మీద నుంచి తొలగిపోయి, మళ్లీ 1968లో పాత ఆకారంతో పాటు తిరిగి వచ్చింది.

మీ ‘పెట్టుబడి’ వాదన ఆధారపడినది ఈ గిటారు మీదే అని నా అనుమానం, ఎందుకంటే 1958 నుంచి 1960 వరకు తయారైన సన్‌బర్స్ట్ రంగు లెస్ పాల్ గిటార్లు ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతున్నాయి. కానీ ఆ కథను మొదటి నుంచి చూడాలి. అప్పట్లో మూడు వందల డాలర్ల లోపే అమ్మిన ఆ గిటార్లకు గిరాకీ సరిగా లేకనే కంపెనీ వాటిని ఆపేసింది. ఆ తర్వాత 1960ల మధ్యలో ఎరిక్ క్లాప్టన్, మైక్ బ్లూమ్‌ఫీల్డ్ వంటి బ్లూస్ వాద్యకారులు పాత గిటార్లుగా దొరికిన వాటినే కొని, ఆంప్‌ను (ధ్వనిని పెంచే ఆంప్లిఫయర్‌ను) గట్టిగా పెట్టి వాయించి, ఎవరూ ఊహించని ధ్వనిని రాబట్టారు. వాటి విలువను పెంచినవి ఆ ధ్వని, తయారైన సంఖ్య తక్కువ కావడం, దశాబ్దాల కాలం. గిటారు మీద పేరున్న లెస్ పాల్ వాయించిన సంగీతం వేరే తరహాది. అంటే ఏ గిటారు ధర పెరగబోతోందో దాని మీద రాసి ఉన్న పేరు చూసి ఎవరూ ముందే చెప్పలేకపోయారు. కొత్త గిటార్ల దుకాణంలో నిలబడి మీరు, నేను మాత్రం ఎలా చెప్పగలం?

ఫెండర్ స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది. ఆ కంపెనీ మొదటి సిగ్నేచర్ మోడల్ (కళాకారుడి పేరుతో వచ్చే గిటారు), అంటే ఎరిక్ క్లాప్టన్ స్ట్రాటోకాస్టర్, 1988లో గానీ రాలేదు. ఈ మధ్య 34 ఏళ్లలో ఆ వాద్యాన్ని అందరికంటే దూరం తీసుకువెళ్లిన జిమీ హెండ్రిక్స్‌కు బతికి ఉండగా తన పేరుతో ఒక్క మోడల్ కూడా లేదు. ఆయన 1970లోనే మరణించారు. అర్హత లెక్కన పేర్లు దక్కి ఉంటే మొదటి పేరు ఆయనదే కావాలి. కాబట్టి సిగ్నేచర్ మోడల్‌ను ప్రతిభకు ఇచ్చే బిరుదుగా చూడడం మానేసి, బతికి ఉన్న కళాకారుడితో కంపెనీ చేసుకునే అమ్మకపు ఒప్పందంగా చూస్తే లెక్క సరళమవుతుంది. సాధారణంగా అమ్ముడైన ప్రతి గిటారు మీద కళాకారుడికి కొంత రాయల్టీ వెళుతుంది, అది మీ బిల్లులోనే ఉంటుంది.

అలాగని అన్ని ఒప్పందాలూ ఒకటి కావు. 1987లో రాక్ గిటారిస్టు స్టీవ్ వాయ్ కోసం ఐబనీజ్ చేసిన జెమ్ మోడల్‌లో 24 ఫ్రెట్లు (స్వరస్థానాలను గుర్తించే లోహపు మెట్లు), పై స్వరాలకు చేయి సులువుగా అందేలా లోతుగా కోసిన దిమ్మె, మూడు పికప్‌ల (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) ప్రత్యేకమైన అమరిక ఉన్నాయి. అదే కంపెనీ సామాన్య వాద్యకారులకు అమ్మే ఆర్‌జీ శ్రేణి దాని నుంచే పుట్టింది. 1990లో ఆయన పేరుమీదే వచ్చిన ఏడు తీగల మోడల్ తర్వాతి తరం హెవీ మెటల్ సంగీతానికి దారి వేసింది. మరో రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ ఉదాహరణ కొనేవారికి ఇంకా ఉపయోగకరం. ఆయన 1991లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీతో ఒక గిటారు చేయించి, కొన్నేళ్లకు పీవీ కంపెనీకి, ఆ తర్వాత ఫెండర్‌తో కలిసి సొంత బ్రాండుకు వెళ్లిపోయారు. ఆయన వెళ్లిన తర్వాత మ్యూజిక్ మ్యాన్ ఆ గిటారునే యాక్సిస్ అనే వేరే పేరుతో అమ్మింది, కొనేవారు కొన్నారు. పేరు పోయినా గిటారు నిలిచిందంటే ఆ రూపకల్పనలో సరుకు ఉన్నట్టే. మన వైపు చూసుకుంటే, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల పాశ్చాత్య వాద్యాన్ని అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకుని కర్ణాటక గమకాలు పలికించారు. వాద్యం మీద తన పేరు ఉండదగిన కళాకారుడు ఎవరని నన్ను అడిగితే అభిమానుల సంఖ్య ప్రస్తావన రాకముందే ఆయన పేరు చెబుతాను.

ఈ కొలతతో మీ సిల్వర్ స్కైని చూద్దాం. మేయర్‌కు 2005 నుంచి ఫెండర్‌లో సిగ్నేచర్ మోడల్ ఉండేది. 2014లో ఆయన ఆ కంపెనీని విడిచిపెట్టారు, ఆ మోడళ్లు ఆగిపోయాయి. 2018లో పీఆర్‌ఎస్ సిల్వర్ స్కైని 2,299 డాలర్లకు విడుదల చేసింది. 1963, 1964 నాటి గిటార్లలో ఆయనకు నచ్చిన లక్షణాలను ఒక్కచోట చేర్చామని కంపెనీ చెప్పుకుంది. రూపం చూసి ఇది స్ట్రాటోకాస్టర్‌కు నకలు అని చాలామంది విమర్శించారు. నా అభిప్రాయంలో ఇది కొత్త ఆవిష్కరణ కాదు, మంచి అభిరుచి గల వాద్యకారుడు చేసిన ఎంపికల సమాహారం. ఆ ఎంపికలకు కొంత విలువ ఉంది. కానీ 2022లో 849 డాలర్లకు వచ్చిన ఎస్‌ఈ మోడల్‌లో ఆ ఎంపికల్లో ఎక్కువ భాగం ఉన్నాయి. తేడాలు దిమ్మె చెక్కలో, పికప్‌ల తయారీలో, విడిభాగాల నాణ్యతలో, చేతిపనిలో కనిపిస్తాయి. ఒక తేడా మాత్రం వాయించేవారిగా మీకు ముఖ్యం: అమెరికా మోడల్ ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లు ఉండే, వేళ్లతో నొక్కే పలక) వంపు వ్యాసార్థం 7.25 అంగుళాలు, ఎస్‌ఈది 8.5 అంగుళాలు. అంటే చవకదాని ఫ్రెట్‌బోర్డు కాస్త చదునుగా ఉండి, పై ఫ్రెట్ల దగ్గర తీగను బలంగా లాగి వాయించేవారికి అదే సులువు కావచ్చు. పేరు రెండింటి మీదా ఒకటే కాబట్టి, మీరు అదనంగా ఇవ్వబోతున్న 1.55 లక్షలు మేయర్ పేరుకు కూడా కాదు, తయారైన చోటుకూ పనితనానికీ. మీ శ్రీమతి గారి ప్రశ్నకు నేరుగా ఇదే జవాబు.

ఇక పెట్టుబడి మాట. వేలంలో కోట్లు పలికిన గిటార్ల వార్తలు మీరు చదివే ఉంటారు. క్లాప్టన్ వాయించిన ‘బ్లాకీ’ 2004లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 9,59,500 డాలర్లకు, పింక్ ఫ్లాయిడ్ బ్యాండు గిటారిస్టు డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ 2019లో 39.75 లక్షల డాలర్లకు అమ్ముడయ్యాయి. అవి ఆ కళాకారులు ఏళ్ల తరబడి తమ చేతులతో వాయించిన గిటార్లు. మీరు కొనబోయేది గిరాకీ ఉన్నన్నాళ్లూ కర్మాగారం తయారు చేస్తూ పోయే వస్తువు. కొత్తవి దొరుకుతున్నంత కాలం పాతదానికి కొత్త ధర కంటే ఎక్కువ ఎవరూ ఇవ్వరు. పైగా రెండున్నర లక్షల పాత ఎలక్ట్రిక్ గిటారు కొనేవారు మన ఊళ్లలో తక్కువ; అమ్మదలచుకున్న రోజున దొరికిన ధరకు ఇచ్చుకోవాలి. వడ్డీ గానీ అద్దె గానీ డివిడెండు గానీ ఇవ్వని వస్తువును మీ పెట్టుబడుల పట్టికలో నుంచి తీసి ఖర్చుల పట్టికలో రాయండి. ఇష్టమైన పనికి ఖర్చు చేయడంలో తప్పేమీ లేదు, దానికి పెట్టుబడి అనే ముసుగు అక్కర్లేదు.

మీ లెక్కల ప్రకారం వేతనం నుంచి నెలకు 18,000 మిగులుతున్నాయి. 2.50 లక్షలను 16 శాతం వడ్డీతో 18 నెలలకు మారిస్తే నెల వాయిదా సుమారు 15,700 అవుతుంది. మొత్తం వడ్డీ సుమారు 32,900, దాని మీద 18 శాతం జీఎస్టీ సుమారు 5,900, ఆపైన ప్రాసెసింగ్ రుసుము. అంటే ఏడాదిన్నర పాటు మీ మిగులు దాదాపు మొత్తం ఒక్క గిటారుకే పోతుంది. దుకాణం వారు ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నా తొందరపడకండి. సున్నా వడ్డీ అనేదే లేదని 2013లోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్పష్టం చేసింది. ఆ వడ్డీ ధరలోనో, మీకు రాకుండా పోయిన తగ్గింపులోనో దాగి ఉంటుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టినది మీ అత్యవసర నిధి. గృహ రుణం, ఇంటి ఖర్చులు కలిపి నెలకు 80,000 కాబట్టి మీ 2 లక్షలు రెండున్నర నెలలకే సరిపోతాయి. సాఫ్ట్‌వేర్ రంగంలో ఉద్యోగం పోతే మరొకటి దొరకడానికి పట్టే కాలాన్ని దృష్టిలో ఉంచుకుంటే, ఆరు నెలలకు సరిపడా 4.80 లక్షలు ఉండడం కనీస జాగ్రత్త. మిగులు 18,000లో 15,000 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, 7 శాతం వడ్డీ లెక్కన ఏడాదిన్నరలో సుమారు 2.85 లక్షలు చేరి ఆ లోటు పూడుతుంది. వాయిదాలకు కట్టబోయిన డబ్బే ఇది.

మరి గిటారు సంగతి? దానికి నా సూచన, గిటారు సంపాదించిన డబ్బుతోనే గిటారు కొనండి. బ్యాండు మీద వచ్చే 7,000ను ఇంటి ఖాతాలో కలపకుండా వేరే ఖాతాలో వేస్తే 14 నెలల్లోపే ఎస్‌ఈ ధర చేరుతుంది; ఇప్పుడున్న గిటారు అమ్మితే ఇంకా ముందే. మూడేళ్లు ఆగగలిగితే అమెరికా మోడలే కొనవచ్చు, అప్పటికీ దాని మీదే మనసు ఉంటే. ప్రదర్శనలు తగ్గి ఆదాయం ఆగిపోతే కొనుగోలు కూడా ఆగుతుంది, మీ గృహ రుణానికి ఏ ఇబ్బందీ రాదు. ఈ ఆదాయాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపించడం మాత్రం మరవకండి. వ్యక్తిగతంగా వాడుకునే గిటారు పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తి కాదు. అమ్మినప్పుడు లాభం వస్తే దాని మీద మూలధన లాభాల పన్ను ఉండదు, నష్టం వస్తే దాన్ని సర్దుబాటు చేసుకునే వీలూ ఉండదు. దానికి తరుగుదల చూపి బ్యాండు ఆదాయంలో ఖర్చుగా తగ్గించుకోవాలనుకుంటే అది వృత్తి ఆస్తి అవుతుంది, అప్పుడు నిబంధనలు మారిపోతాయి. ఆ నిర్ణయం మీ చార్టర్డ్ అకౌంటెంట్‌తో మాట్లాడి తీసుకోండి.

బావగారి ద్వారా తెప్పించడంలో మీరు అనుకున్నంత ఆదా ఉండకపోవచ్చు. అమెరికా ధర మీద అక్కడి అమ్మకపు పన్ను పడుతుంది. ఇక్కడ దిగాక సుంకం లేని పరిమితి దాటిన విలువకు ఆయనే సుంకం కట్టాలి, కుటుంబ సభ్యుల పరిమితులను కలిపి ఒకే వస్తువుకు వాడుకోవడం కుదరదు. ప్రకటించకుండా తెచ్చి పట్టుబడితే ఇబ్బంది పడేది మీరు కాదు, ఆయన. వారంటీ సమస్య వస్తే గిటారును మళ్లీ సముద్రం దాటించాలి. ఈ మొత్తాలన్నీ కాగితం మీద వేసి ఇక్కడి దుకాణం ధరతో పోల్చాకే ఆయనకు చెప్పండి.

ఏ మోడల్ కొన్నా, కొనేముందు దుకాణంలో ఎస్‌ఈని, ఏ పేరూ లేని అదే తరహా గిటారును, వీలైతే అమెరికా మోడల్‌ను ఒకే ఆంప్‌కు తగిలించి, ఒకే మందం తీగలతో, మీరు బ్యాండులో నిజంగా వాయించే పాటలే వాయించి చూడండి. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే పై భాగం) మీది రాత కనిపించకుండా మీ శ్రీమతి గారినే ఒక్కొక్కటి అందించమనండి. మూడింటిలో మీ చేతికి నచ్చినది చవకదే అయితే మిగిలిన డబ్బులో 2,000 పక్కన పెట్టి, గిటారు మరమ్మతు తెలిసినవారితో ఫ్రెట్లు, తీగల ఎత్తు సరిచేయించుకోండి.