మైనస్ ఐదు లోపల ఎలా ఉంటుందంటే

చిరంజీవి అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

మైనస్ ఐదును కంప్యూటర్ తన బిట్లలో, అంటే 0, 1 అంకెల్లో, ఎలా దాచుకుంటుందని నిన్న ఫోన్‌లో అడిగావు. "బిట్లు తిరగేసి ఒకటి కలపాలి" అని క్లాసులో చెప్పారన్నావు. అది సరైనదే. కానీ ఎందుకో తెలియకుండా బట్టీ పడితే పరీక్ష అయిన మర్నాడే మరిచిపోతావమ్మా.

తాతయ్య పాత స్కూటర్ మీటరు గుర్తుందా? ఐదంకెలూ సున్నాల మీద ఉన్నప్పుడు ఒక్కటి వెనక్కి తిప్పితే 99999 పడుతుంది. అంటే అక్కడ 99999 మైనస్ ఒకటి పని చేస్తున్నట్టే. ఒకటి కలిపి చూడు, మళ్ళీ అన్నీ సున్నాలే. ఎనిమిది బిట్లలోనూ అంతే: 00000000 నుంచి ఒకటి వెనక్కి వెళ్తే 11111111. కూడికకు వాడే సర్క్యూటే తీసివేతకూ సరిపోయేది ఇందువల్లే.

ఇప్పుడు కాగితం తీసుకో. 5 అంటే 00000101. తిరగేస్తే, అంటే సున్నాలను ఒకట్లు, ఒకట్లను సున్నాలు చేస్తే, 11111010. ఒకటి కలిపితే 11111011. సరిచూడాలంటే ఎడమ చివరి బిట్ విలువ 128 కాదు, -128 అనుకో. -128 + 64 + 32 + 16 + 8 + 2 + 1 = -5. ఆ బిట్ ప్లస్సో మైనస్సో చెప్పే "గుర్తు బిట్" అనే మాటకంటే నాకు ఈ లెక్కే ఇష్టం. హద్దులు -128 నుంచి 127 దాకా ఎందుకో కూడా ఇందులోనే తెలిసిపోతుంది.

దీని పేరు టూస్ కాంప్లిమెంట్. సీ ప్రోగ్రామింగ్ భాష పాత ప్రమాణాలు ఇంకో రెండు పద్ధతులనూ ఒప్పుకునేవి, కొత్త ప్రమాణం సీ23లో ఇదొక్కటే మిగిలింది. అయినా ఒక్కచోట మీటరును నమ్మకు. సీలో పూర్ణసంఖ్యలు పెట్టుకునే టైపు ఇంట్. 32 బిట్ల ఇంట్‌లో పట్టే అతిపెద్ద సంఖ్య 2147483647కి ఒకటి కలిపితే ఏమవుతుందో ప్రమాణం ఇప్పటికీ చెప్పదు. మనం రాసిన ప్రోగ్రామును మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ ఏమైనా చెయ్యొచ్చు.

బిట్లలో మైనస్ ఉండదమ్మా, చదివే టైపులో ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కో అక్షరం చదివిచ్చే గెట్‌చార్ ఫంక్షన్ ఇచ్చినదాన్ని ఎనిమిది బిట్ల చార్ టైపులో పెట్టి, ఫైలు అయిపోయేదాకా తిరిగే లూప్ రాశాను. నా డెస్క్‌టాప్‌లో బాగానే ఆగింది. ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద వేస్తే ఆగనే లేదు, రెండు రాత్రులు నిద్ర లేదు. అక్కడి కంపైలర్‌కి చార్ అంటే అన్‌సైన్డ్, అంటే మైనస్‌లు లేని టైపు. ఫైలు అయిపోయిందని చెప్పే -1 అక్కడ 255 అయి కూర్చుంది. అవే ఎనిమిది ఒకట్లు! గెట్‌చార్ విలువను ఎప్పుడూ ఇంట్‌లోనే పెట్టుకో. మైనస్‌లు ఉండే సైన్డ్‌నీ అన్‌సైన్డ్‌నీ పోల్చావని కంపైలర్ వార్నింగ్ ఇస్తే ఆ లైను సరిచేశాకే ముందుకు కదులు.

ఈ రాత్రి 32 బిట్ల ఇంట్‌లో -5ను హెక్సాలో, అంటే నాలుగేసి బిట్లకు ఒక అక్షరం వాడే పద్ధతిలో, ప్రింట్ చెయ్యి. ఏడు ఎఫ్‌లు, చివర ఒక బి వస్తాయి. ఆ చివరి రెండు అక్షరాలనూ బిట్లుగా విడదీసి, కాగితం మీది 11111011 పక్కన పెట్టి చూడు.

మీ బాబాయి