చుక్కల ఫోటోల కోసం మూడు లక్షల అప్పా?

ప్రశ్న: నా వయసు 29. విజయవాడ సింగ్ నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటున్నాం. ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 48,000 వస్తుంది. అద్దె 11,000, ఇంటి ఖర్చు 13,000, గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకు 6,000, బైక్ ఈఎంఐ 3,900, మ్యూచువల్ ఫండ్ సిప్ 5,000 పోతాయి. బ్యాంకులో 38,000 ఉంది. ఆస్ట్రోఫోటోగ్రఫీ, అంటే ఆకాశంలో చుక్కల ఫోటోలు తీయడం, నాకు ప్రాణం. ఇప్పుడు మామూలు క్రాప్ (చిన్న) సెన్సర్ డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్స్, ట్రైపాడ్ ఉన్నాయి. ఈక్వటోరియల్ మౌంట్ (చుక్కల కదలిక వెంట తిరిగే స్టాండు), 80 ఎంఎం టెలిస్కోపు, కూల్డ్ కెమెరా (సెన్సర్‌ను చల్లబరిచేది), గైడింగ్ సామాను (గురి తప్పకుండా సరిదిద్దేది) కలిపి 3 లక్షలవుతాయి. మూడేళ్లకు 14 శాతం వడ్డీతో పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. వడ్డీ ఎక్కువనిపిస్తే తన గాజులు తాకట్టు పెట్టుకోమని అమ్మ అంటోంది. ఫోటోల మీద నెలకు ఐదారు వేలు వస్తాయని నా అంచనా. అత్యవసరానికి క్రెడిట్ కార్డు లిమిట్ 2.5 లక్షలు ఉంది. 2024 వరదలో ఇంట్లో సామాన్లు పోతే 64,000 దాని మీదే పెట్టి, నెలకు 5,800 చొప్పున ఏడాదిలో తీర్చాను. మౌంట్‌కు 5,000 అడ్వాన్సు కూడా కట్టాను. పర్సనల్ లోన్ మేలా, గోల్డ్ లోన్ మేలా?

జవాబు: రెండూ వద్దు. మీరు అడిగినదానికి ఇంతకంటే పెద్ద జవాబు అక్కర్లేదు. అయినా ఇంత రాస్తున్నానంటే, కార్డు లిమిట్ ఉందిగా అన్న మీ మాట వల్ల. గుంటూరు బ్రాడీపేటలో నా ఆఫీసుకు వచ్చే కుర్రవాళ్లలో సగం మంది ఇదే మాట అంటారు. ఎమర్జెన్సీ ఫండ్ ఎంతుంది అని అడిగితే కార్డు తీసి చూపిస్తారు.

సింగ్ నగర్, గ్రౌండ్ ఫ్లోర్ అని చదవగానే నాకు 2024 సెప్టెంబరు 1 గుర్తొచ్చింది. బుడమేరు వాగుకు గండ్లు పడి మీ వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ నెల నాకు వచ్చిన ఫోన్లన్నీ దాదాపు ఒకటే మాట: 'సార్, ఫ్రిజ్ పోయింది, బండి పోయింది, చేతిలో డబ్బు లేదు.' మీరు ఆ గండం కార్డుతో దాటారు. 64,000 అప్పుకు 69,600 కట్టారు, పైన ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ. వడ్డీ అయిదారు వేలే కదా అనుకోవచ్చు. నన్ను బాధపెట్టేది ఆ వడ్డీ కాదు, ఏడాది పాటు నెలనెలా 5,800 వెనకటి నష్టాన్ని పూడ్చడానికే పోవడం. ఇవాళ మీ ఖాతాలో 38,000 మాత్రమే ఉండటానికి కారణం అదే. ఆ రోజు చేతిలో రెండు లక్షలు ఉండి ఉంటే, ఏడాది తిరిగేసరికి ఖాళీ అయినంతా మళ్లీ నిండేది, వడ్డీ రూపాయి కూడా లేకుండా.

పైగా ఆ లిమిట్‌ను బ్యాంకు ఎప్పుడైనా తగ్గించవచ్చు. ఉద్యోగం పోయినప్పుడు, కిస్తీ తప్పినప్పుడు, అంటే సరిగ్గా మీకు అవసరం పడ్డప్పుడే తగ్గే అవకాశం ఎక్కువ. అలాంటిదాన్ని మీ డబ్బు కింద లెక్కేసుకోవద్దు.

ఇక లోన్ లెక్క. 3 లక్షలకు 14 శాతంతో 36 నెలలంటే ఈఎంఐ సుమారు 10,250. మొత్తం 3,69,000 దాకా కడతారు. మీరు రాసిన ఖర్చులన్నీ పోను మీ చేతిలో మిగిలేది 9,100. అంటే మొదటి నెలే 1,150 తక్కువ. ఆ లోటును ఫోటోల ఆదాయం పూడుస్తుందని మీ ఆశ. మన కోస్తా వాతావరణం మీకు నాకంటే బాగా తెలుసు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం తెరుచుకున్నా, వెన్నెల లేని రాత్రులు నెలకు పదో పన్నెండో, వాటిలో మీకు సెలవు కలిసొచ్చేవి రెండో మూడో. ఈఎంఐ మాత్రం పన్నెండు నెలలూ ఐదో తారీఖున వస్తుంది. ప్రీ వెడ్డింగ్ షూట్లలో చుక్కల ఆకాశం అడిగే జంటలు ఉంటారు, నిజమే. కానీ వాళ్లకు కావలసింది వెడల్పాటి లెన్స్ ఉన్న మామూలు కెమెరా. నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయుమేఘాలు) తీసే కూల్డ్ కెమెరాతో పెళ్లికొడుకు ఫోటో తీయలేరు.

మీ లిస్టులో రాయని ఖర్చులు కూడా ఉన్నాయి. గుంటూరు కొత్తపేటలో స్టూడియో నడిపే నా మిత్రుడొకరు చాలాకాలంగా ఆకాశం ఫోటోలు తీస్తున్నారు. మీ లిస్టు ఆయనకు చూపించాను. సామాను బాగానే ఎంచుకున్నారు అన్నారు. తర్వాత వేళ్లు మడిచి లెక్కపెట్టారు: మౌంట్‌కూ కెమెరా కూలింగ్‌కూ బ్యాటరీ, గైడింగ్‌కు ల్యాప్‌టాప్, మంచు పట్టకుండా లెన్స్‌కు చుట్టే డ్యూ హీటర్, మన ఉక్కకు అద్దాల మీద ఫంగస్ రాకుండా డ్రై క్యాబినెట్. అన్నిటికంటే ముఖ్యం, మీకున్నది బైక్. మౌంట్, దాని కౌంటర్ వెయిట్లు, బ్యాటరీ, టెలిస్కోపు బైక్ మీద బాపట్ల దాటి సూర్యలంక తీసుకెళ్లలేరు, ప్రతిసారీ కారు మాట్లాడుకోవాలి. పోనీ డాబా మీదే మొదలుపెడతానన్నా, విజయవాడలో ధ్రువనక్షత్రం ఉత్తరాన 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పక్కన ఒక అపార్ట్‌మెంట్ ఉంటే కనపడదు. మౌంట్‌ను ధ్రువం వైపు గురిపెట్టడానికి, అంటే పోలార్ అలైన్‌మెంట్‌కు, వేరే పద్ధతులున్నాయి కానీ, నగరం వెలుతురులో వాటితో కుస్తీ పడే రాత్రులకు కూడా మీరు కిస్తీ కడుతూనే ఉంటారు.

మన వేడికి కూల్డ్ కెమెరా తప్పదని మీకు అనిపించి ఉంటుంది. వేడి సమస్య నిజమే. సెన్సర్ సుమారు 6 డిగ్రీలు వేడెక్కిన ప్రతిసారీ డార్క్ కరెంట్ (వెలుతురు లేకున్నా వేడి వల్ల సెన్సర్‌లో పుట్టే సిగ్నల్) రెట్టింపవుతుంది. అందుకే ముందు చలికాలం రాత్రులు వాడుకోండి, చివర్లో లెన్స్ మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో ఇరవై ముప్పై డార్క్ ఫ్రేములు (ఆ సిగ్నల్‌ను అసలు ఫోటోలోంచి తీసేయడానికి వాడే నల్లటి ఫ్రేములు) తీయండి.

మీ దగ్గరున్న 50 ఎంఎం లెన్స్‌తో చేయగలిగింది చాలా ఉంది. ఎన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వవచ్చో తేల్చడానికి 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించే లెక్క మీకు తెలిసిందే. క్రాప్ సెన్సర్‌కు 1.6తో కూడా భాగిస్తే 6 సెకన్లు వస్తుంది. అంతవరకు చుక్కలు పెద్దగా గీతలు కావు. ఓరియన్ నెబ్యులా మీద ఎఫ్ 2.8 దగ్గర, రా ఫార్మాట్‌లో, 6 సెకన్ల ఫ్రేములు 300 తీస్తే అరగంట వెలుతురు చేరినట్టు. లైవ్ వ్యూలో ఒక పెద్ద చుక్కను జూమ్ చేసి చేత్తో ఫోకస్ పెట్టండి. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది కాబట్టి పది నిమిషాలకోసారి ఫ్రేమ్ సర్దుకోండి. ఈ ఫ్రేములన్నీ కలిపే సాఫ్ట్‌వేర్లు సిరిల్, డీప్ స్కై స్టాకర్ రెండూ ఉచితమే. ఫ్రేములు నాలుగు రెట్లయితే నాయిస్ సగమవుతుంది, దానికి ఖర్చయ్యేది మీ ఓపిక. చంద్రుణ్ని సింగ్ నగర్ డాబా మీద నుంచే తీయవచ్చు, దీపాల వెలుతురు అంతగా అడ్డు రాదు. ఏప్రిల్, మే నెలల్లో అర్ధరాత్రి దాటాక ధనూరాశి వైపు పాలపుంత నడిబొడ్డు మన దగ్గర 45 డిగ్రీల దాకా పైకొస్తుంది. ఐరోపాలో చాలా చోట్ల అది దిక్చక్రం దగ్గరే తచ్చాడుతుంది. ఆ అదృష్టానికి లోన్ అక్కర్లేదు.

నా మిత్రుడు చెప్పిన మాట ఒకటి మీకూ తెలిసే ఉంటుంది: ఈ పనిలో డబ్బు ముందు పెట్టాల్సింది మౌంట్ మీద, టెలిస్కోపు తర్వాత. మౌంట్ ఫోటోలో కనపడదు కానీ అది ఊగితే మీదున్నదంతా దండగ. మీ ఇంటి లెక్కలో ఆ చోటు అత్యవసర నిధిది.

సిప్ కాకుండా మీకు తప్పనిసరి ఖర్చు నెలకు 33,900. ఆరు నెలలకు సుమారు 2 లక్షలు. ఇప్పుడున్న 38,000 పోను ఇంకా 1,62,000 కావాలి. నెలకు మిగిలే 9,000కు, సిప్‌ను సగం చేసి వచ్చే 2,500 కలపండి. 11,500 చొప్పున పద్నాలుగు, పదిహేను నెలలు. దసరాకు బోనస్ వస్తే ఇంకా ముందే. సగం ఎఫ్‌డీ, సగం లిక్విడ్ ఫండ్ (త్వరగా డబ్బు వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్). ఈ డబ్బు జీతం పడే ఖాతాలో ఉంచవద్దు, ఉంటే కెమెరా కనపడ్డప్పుడల్లా చెయ్యి లాగుతుంది.

అది నిండాక ఆ 11,500నే సామానుకు మళ్లించండి. ఏడాదిలోపే చుక్కల వెంట కెమెరాను తిప్పే ఒక చిన్న ట్రాకర్ వస్తుంది, బైక్ మీద పట్టేది, మీ డీఎస్ఎల్ఆర్‌ను మోసేది. తర్వాత ఒక్కొక్కటీ. తనంతట తానే గురిపెట్టి ఫోటో తీసే సీస్టార్ లాంటి స్మార్ట్ టెలిస్కోపు కూడా మీ బడ్జెట్‌లో చిన్న ముక్కకే వస్తుంది, చూడవచ్చు. సెకండ్ హ్యాండ్ అయితే ఫంగస్ చూసి కొనండి. షాపులో నో కాస్ట్ ఈఎంఐ అంటే నమ్మవద్దు. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. మీ ఆరోగ్య బీమా కంపెనీదే అయితే అది ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతంగా ఒకటి, అమ్మానాన్నలకు ఒకటి ఈ ఏడాదే తీసుకోండి.

అమ్మ గాజుల విషయంలో మాత్రం నాకు కోపమే వచ్చింది. ఆవిడ ప్రేమతో ఇస్తానంది, మీరు తీసుకోకూడదు. మీ నాన్నగారికి రేపు ఆస్పత్రి అవసరం పడితే గంటలో డబ్బయ్యేవి ఆ గాజులే. అవి అప్పటికే తాకట్టులో ఉంటే ఇంకేం పెడతారు? కిస్తీలు తప్పితే వేలానికి పోతాయి కూడా.

ఇక మౌంట్‌కు కట్టిన 5,000 అడ్వాన్సు. అది పోతుందన్న భయంతోనే చాలామంది 3 లక్షల అప్పులోకి దిగుతారు. తిరిగి ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే వదిలేయండి. రేపు ఉదయం షాపుకి ఫోన్ చేసి ఆర్డర్ రద్దు చేయండి.