ప్రిట్జ్‌కర్ సైనిక సాహిత్య పురస్కారం ఒక పుస్తకానికి ఇస్తారా, రచయిత జీవితకాల కృషికా?

జీవితకాల కృషికే ఇస్తారు. అమెరికాలోని షికాగోలో ప్రిట్జ్‌కర్ సైనిక గ్రంథాలయం 2007లో ప్రారంభించిన ఈ పురస్కారం కింద లక్ష డాలర్ల నగదు అందుతుంది. వాస్తుశిల్పులకు 1979 నుంచి ఇస్తున్న ప్రిట్జ్‌కర్ బహుమతి వేరు. పేరు ఒకటే కావడంతో చాలామంది పొరబడుతుంటారు.

తొలి గ్రహీత అమెరికా అంతర్యుద్ధ చరిత్రకారుడు జేమ్స్ మెక్‌ఫర్సన్. ఇది అమెరికన్లకే పరిమితం కూడా కాదు: 2012లో మాక్స్ హేస్టింగ్స్, 2014లో ఆంటొనీ బీవర్ అనే బ్రిటిష్ రచయితలు దీనిని అందుకున్నారు.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన ఎంపిక 2013 నాటిది. అప్పటివరకు ప్రధానంగా చరిత్రకారులకే దక్కిన ఈ గౌరవం, వియత్నాం యుద్ధంలో పదాతి సైనికుడిగా పనిచేసి, ఆ అనుభవాన్ని నవలలుగా, కథలుగా మలిచిన టిమ్ ఓబ్రియన్‌కు లభించింది. సైన్యాల కదలికలను, సేనానుల నిర్ణయాలను చరిత్ర గ్రంథం సాక్ష్యాధారాలతో నిరూపించగలదు గానీ, రాత్రివేళ కాపలా కాస్తున్న సైనికుడి భయాన్ని పాఠకుడి గుండెకు చేర్చడానికి కల్పన కావాలి. అదీ సైనిక సాహిత్యమేనని ఆ ఎంపిక స్పష్టంగా అంగీకరించింది.