మ్యాపు మనవడి చేతికివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరికి బర్మింగ్‌హామ్ వచ్చాను. తొమ్మిదేళ్ళ మనవడు స్కూలు నుంచి ఓ కాగితం తెచ్చాడు. వచ్చే ఆదివారం సటన్ పార్కులో ఓరియంటీరింగ్ అట, కొత్తవాళ్ళూ రావచ్చట. మ్యాపు చూసుకుంటూ జెండాలు వెతకాలట. అమ్మాయికీ అల్లుడికీ ఆ రోజు హాస్పిటల్లో డ్యూటీ. వీడేమో నన్ను రమ్మని ప్రాణం తీస్తున్నాడు. నాకు మ్యాపులు అర్థం కావు, మోకాళ్ళు అంతంతమాత్రం, కట్టేది చీర. అంత పెద్ద పార్కులో ఇద్దరం తప్పిపోతే దిక్కెవరు?
– ఓ అమ్మమ్మ, తెనాలి

జవాబు: నిక్షేపంగా వెళ్ళండమ్మా. మీ భయం ఉత్తిదేమీ కాదు. పార్కు అన్నారని బెంచీలూ పూలకుండీలూ ఊహించుకుంటే మొదటి గేటు దగ్గరే కంగారు పడతారు. సటన్ పార్కు 2,400 ఎకరాలు. చెరువులున్నాయి, హోలీ చెట్ల అడవి ఉంది, పొదల బయళ్ళున్నాయి, మధ్యలోంచి రైలు పట్టాలు పోతాయి, రోమన్లు వేసిన రోడ్డు ఆనవాలు ఇప్పటికీ కనిపిస్తుంది. 1528లో రాజు ఎనిమిదో హెన్రీ రాసిచ్చిన చార్టర్ అనే హక్కుపత్రంతో ఇది ఊరివాళ్ళ సొత్తయింది. 1957లో ప్రపంచ స్కౌట్ల జాంబోరీ జరిగింది ఇక్కడే. అయితే మీరు ఆ ఎకరాలన్నీ తిరగబోవడం లేదు.

ఈ దేశంలో కోర్సులకు రంగుల పేర్లు పెడతారు. మీరు పేరు ఇవ్వాల్సింది వైట్‌కు. అన్నిటికంటే తేలికైనది అదే. మామూలుగా రెండు కిలోమీటర్ల లోపే ఉంటుంది. జెండాలన్నీ కాలిబాటల మీదే, ఎక్కువగా బాటలు చీలే చోట్లే పెడతారు. ఒక్క సంగతి: ఆ దూరం జెండాకూ జెండాకూ మధ్య తిన్నగా గీత గీసి కొలిచింది. బాట వంపులు కలిపితే కాస్త ఎక్కువే నడుస్తారు. మోకాళ్ళను ఆ లెక్కకు సిద్ధం చేసుకోండి. పరుగు అక్కర్లేదు. ఒకరి తర్వాత ఒకరిని కాస్త ఎడంగా పంపుతారు కాబట్టి ఎవరి గడియారం వాళ్ళదే, వెనక నుంచి తరిమేవాళ్ళుండరు.

ఇక మ్యాపు. అక్షరాలు నిటారుగా కనిపించేలా పట్టుకోవడం అందరికీ అలవాటు. తప్పిపోవడం అక్కడే మొదలవుతుంది. టౌన్ గేట్ వైపు నిలబడ్డారనుకోండి, దగ్గర్లో విండ్లీ పూల్ అనే చెరువు ఉంటుంది. నేల మీద చెరువు మీకు ఏ చేతివైపు ఉందో, మ్యాపులోనూ ఆ చేతివైపే వచ్చేలా కాగితాన్ని తిప్పండి. పేర్లు తలకిందులైతే అవ్వనివ్వండి. ఇప్పుడు మీ ముందున్న బాట, కాగితం మీద గీత ఒకే దిక్కుకు పోతుంటాయి. మలుపు తిరిగినప్పుడల్లా కాగితాన్ని మళ్ళీ తిప్పాలి. నిలబడ్డ చోట బొటనవేలు పెట్టి, ముందుకు పోయేకొద్దీ వేలినీ జరుపుకుంటూ పోవాలి. వైట్ కోర్సుకు ఈ విద్య చాలు, దిక్సూచి లేకపోయినా గడిచిపోతుంది.

ఊదారంగు త్రిభుజం దగ్గర మొదలు, వృత్తాలు జెండాలు, జంట వృత్తం దగ్గర ఆఖరు. రంగుల్లో ఒకచోట మాత్రం అందరూ బోల్తా పడతారు. తెల్లగా ఉన్నది ఖాళీ జాగా కాదు, నడవడానికి వీలైన అడవి. ఖాళీ జాగాకు పసుపు. పచ్చదనం ముదిరేకొద్దీ దూరలేని చిక్కటి పొద అని అర్థం. ఈ ఆట పెరిగింది నార్వే, స్వీడన్ అడవుల్లో. నార్వేలో మామూలు జనానికి మొదటి పోటీ పెట్టింది 1897లోనే. అడవే మామూలు నేల అయిన చోట దానికి వేరే రంగు ఎందుకనుకున్నారు.

జెండా అంటే కర్రకు వేలాడే మూడు పలకల గుడ్డ లాంతరు లాంటిది, సగం తెలుపు, సగం నారింజ. చూడగానే సంబరపడి వేలికి తొడిగిన ఎలక్ట్రానిక్ పుల్లను జెండా దగ్గరుండే చిన్న పెట్టెలో పెట్టేయకండి. ఆ పుల్లను ఇక్కడ డిబ్బర్ అంటారు. ముందు పెట్టె మీది నంబరు మీ కాగితంలో ఉన్నదేనా అని చూడాలి. ఒకే పార్కులో నాలుగైదు కోర్సుల జెండాలుంటాయి, పక్కదానికి వెళ్ళడం మామూలే. ఈ నంబర్లు 31 నుంచి మొదలవుతాయి. 1, 2, 3 అని పెడితే అది ఎన్నో జెండా, ఏ జెండా అన్న గందరగోళం వస్తుందని. నంబరు కలిస్తే పుల్ల పెట్టండి, బీప్ మంటుంది. వరసలోనే పెట్టాలి. మూడోది వదిలేసి నాలుగుకు వెళితే లెక్కలోకి రాదు.

మీరు మరచిపోకూడని నియమం ఇది. సగంలో మానేసినా, వానొచ్చి ఇంటికి పోదామనిపించినా, ఆఖరు దగ్గరికి వెళ్ళి డిబ్బర్ చూపించి వెళ్ళాలి. చెప్పకుండా బస్సెక్కితే పాపం వాలంటీర్లు చీకటి పడేదాకా మీకోసం పొదలు వెతుకుతారు.

చీర కట్టుకుని రావద్దని ఎవరూ అనరు. కానీ ఆ పార్కులో గోర్స్ అని పసుపు పూల ముళ్ళపొద ఉంది, అంచు పట్టుకుందంటే ఓ పట్టాన వదలదు. అమ్మాయి ట్రాక్ ప్యాంటో, సల్వారో ఆ ఒక్కరోజుకు వేసుకోండి. ఫెర్న్ పొదల్లో గోమార్ల వంటి పురుగులుంటాయి, ఇంటికొచ్చాక ఇద్దరి పిక్కలూ ఓసారి చూసుకోండి. దారిలో పొట్టి గుర్రాలు కనిపిస్తాయి, ఎక్స్‌మూర్ పోనీలంటారు. ముద్దొచ్చినా ఏమీ పెట్టకండి.

ఆఖరుగా, మ్యాపు వాడి చేతిలోనే ఉండనివ్వండి. మీరు “ఇప్పుడెక్కడున్నాంరా?” అని మాత్రం అడుగుతూ ఉండండి. తప్పు బాట పట్టాడని మీకు తెలిసినా ఓ వంద అడుగులు ఊరుకోండి. వాడే ఆగి కాగితం తిప్పుతాడు.

ప్రశ్న: నేను వారం వారం పరిగెత్తేవాణ్ణి, 10 కిలోమీటర్లు నాకు లెక్క కాదు. పిల్లల కోర్సు ఎందుకు, మొదటిసారే గ్రీన్‌కు పేరిస్తే?
– ఓ రన్నర్, కోవెంట్రీ

జవాబు: వద్దు బాబూ. ఆరెంజ్ తీసుకో. గ్రీన్ అనేది పొడవును బట్టి కాదు, చిక్కును బట్టి చూడాలి. బాట వదిలేసి, మ్యాపులో ఎత్తుపల్లాలు చూపే గోధుమరంగు గీతల్లో గుంట ఏదో గుట్ట ఏదో పోల్చుకుంటూ పోవాల్సి వస్తుంది. కాళ్ళలో ఊపున్నవాళ్ళు మొదటి జెండాను దాటేసి చెరువు దాకా పోయి వస్తుంటారు. వాళ్ళ పక్కనుంచి డెబ్బై ఏళ్ళ పెద్దాయన తాపీగా నడిచి వెళ్ళిపోతాడు.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు పక్క పార్కులో ఇలాంటిది పెట్టగలమా? పరికరాలు లేవు.
– అసోసియేషన్ కార్యదర్శి

జవాబు: బ్రహ్మాండంగా పెట్టొచ్చు. ముందు అడుగులు లెక్కపెడుతూ పార్కు పటం గీయండి. బాటలు, పెద్ద చెట్లు, ట్యాంకు, జారుడుబల్ల ఉంటే చాలు. పైన ఉత్తరం గుర్తు మరవకండి. పది చోట్ల అట్టముక్కలు కట్టి, ఒక్కోదాని మీద ఒక నంబరు, ఒక అక్షరం రాయండి. ఆ అక్షరం తన కాగితం మీద రాసుకొచ్చిన పిల్లాడు అక్కడికి వెళ్ళినట్టే. వరస పెట్టారంటే అందరూ ఒకడి వెనకే పడతారు. అందుకని అరగంటలో ఎవరికి ఎన్ని దొరికితే అన్ని, ఏ వరసలోనైనా సరే అనండి. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ ఒక పాయింటు కోయండి, లేకపోతే ఒక్కడూ తిరిగి రాడు. పార్కు వాచ్‌మన్‌కు ముందురోజే చెప్పి పెట్టండి. చెప్పలేదంటే మీ అట్టముక్కలన్నీ తెల్లారేసరికి ఆయన చెత్తబుట్టలో ఉంటాయి.