పాత టైరు దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రీమాన్యుఫాక్చరింగ్ గురించి తెలుగులో రాయాలని కూర్చున్నావు, ముందుగా అందుకే నాకు చాలా సంతోషం. వాడేసిన వస్తువును విప్పి, శుభ్రం చేసి, అరిగింది మార్చి, పరీక్షించి, గ్యారంటీతో మళ్లీ అమ్మడం మన ఊళ్లకు కొత్తేమీ కాదు. దాని ధర ఎలా తేలుతుందో, ఎన్ని తయారుచేయాలో ఎలా నిర్ణయిస్తారో మాత్రం మనవాళ్లు పట్టించుకుని రాయలేదు. నువ్వు రాయాలి.

నీ వ్యాసంలో మొదటి పేజీ అంతా పర్యావరణం, రెండో పేజీ అంతా సమీకరణాలు. సరుకు ఎక్కడా కనబడలేదు. ఏదో ఒక వస్తువును పట్టుకుని చివరిదాకా వదలకు. నేనైతే లారీ టైరును పట్టుకుంటాను. పైన బటన్, అంటే రోడ్డుకు తగిలే గాళ్ల రబ్బరు పొర, అరిగిపోయాక మిగిలే టైరును కేసింగ్ అంటారు. దాన్ని గీకి, కొత్త బటన్ అతికించి, ఛాంబర్‌లో వేడిమీద ఉడికిస్తే రీట్రెడ్ టైరు. పెద్ద పెద్ద సిద్ధాంతాలన్నీ అందులోనే ఉన్నాయి.

చాలాకాలం కిందట విజయవాడ ఆటోనగర్‌లో ఒక రీట్రెడింగ్ షెడ్డుకు వెళ్లాను. రబ్బరు తక్కువ పడుతుంది కాబట్టి రీట్రెడ్ టైరు చౌక అని అప్పటికే ఒక వ్యాసంలో రాసి ఉన్నాను. షెడ్డు పెద్దాయన అది చదివాడు. ఏమీ అనకుండా నన్ను తీసుకెళ్లి కేసింగులు పరీక్షించే చోట నిలబెట్టాడు. ఒక కుర్రాడు టైరును స్ప్రెడర్ మీదికి ఎక్కించి, అంచులు విడదీసి, లోపలికి బల్బు దించి, అరచేత్తో చుట్టూ తడిమాడు. ఒకచోట చెయ్యి ఆగింది. మేకు దిగిన చిన్న చిల్లు. అందులోంచి నీళ్లు పోయి లోపలి ఉక్కు తీగలు తుప్పు పట్టాయి. సుద్దముక్కతో గుండ్రంగా గీసి పక్కన పడేశాడు. తర్వాతది పైకి కొత్తదానిలాగే ఉంది. లోపలి గోడ మీద మాత్రం చుట్టూరా ముడతలు. గాలి తక్కువున్నా అలాగే నడిపారన్నమాట. అదీ పక్కకే పోయింది. “వీటిక్కూడా డబ్బిచ్చే కొన్నాం సార్” అన్నాడు పెద్దాయన. నేను రాసింది ఎంత తప్పో అప్పుడు అర్థమైంది.

లెక్క కోసం ఒక్కో కేసింగ్ 2,000 రూపాయలనుకో. పది కొంటే 20,000. అందులో మూడు పనికిరాలేదు. మిగిలిన ఏడింటి మీదే ఆ డబ్బంతా పడాలి కాబట్టి ఒక్కోటి 2,857 అయింది. పనికిరానివి తుక్కు కింద అమ్మితే వచ్చేది అందులోంచి తీసేయ్, అది కొద్దిపాటే. ఇప్పుడు గాలి, లోడు సరిగ్గా చూసుకునే యజమాని దగ్గర 2,400 పెట్టి కొన్నావనుకో. పదికి తొమ్మిది నిలిచాయి. ఒక్కోటి 2,667. ఎక్కువ పెట్టి కొన్నదే చౌకగా పడింది. అందుకే ఈ వ్యాపారంలో ధర గురించిన మొదటి నిర్ణయం పాత సరుకు కొనే దగ్గర జరుగుతుంది. ఏ రకానికి ఎంత ఇవ్వాలి, డబ్బు చేతిలో పెట్టకముందే పరీక్షించే వీలుందా, ఇవి తేలితే సగం వ్యాపారం తేలినట్టే. నువ్వు మాత్రం పాత సరుకుకు ఒకే సగటు ధర వేసుకుని ముందుకెళ్లిపోయావు.

పాత సరుకును ఎవరు సేకరించాలన్న దాని మీద నువ్వు ఒక పేరా రాశావు, బాగుంది. 2004లో సవాస్కన్, భట్టాచార్య, వాన్ వాసెన్‌హోవ్ అనే ముగ్గురు పరిశోధకులు ఇదే ప్రశ్న తీసుకున్నారు. తయారుచేసే కంపెనీయా, అమ్మే డీలరా, బయటి మూడో మనిషా అని పోల్చి చూశారు. వాళ్ల గణిత నమూనాలో డీలరే మేలని తేలింది, కొనేవాడికి దగ్గరగా ఉండేది అతనే కనక. ఒక సంగతి నువ్వు వదిలేశావు. కొత్త సరుకుకీ తిరిగి తయారైన సరుకుకీ కొనేవాడు తేడా చూడడని ఆ నమూనాలో అనుకున్నారు. మన లారీ యజమాని చూస్తాడు. ముందు చక్రాలకు కొత్తవి వేసి, రీట్రెడ్‌లను వెనక్కి వేస్తాడు. ఏ నమూనా తీసుకున్నా అందులో ఏమేం అనుకున్నారో పాఠకుడికి చెప్పు.

ఇక అమ్మే ధర. దీనికి పైనుంచి ఒక కప్పు ఉంటుంది, అది కొత్త టైరు. కొత్తది 20,000 పెట్టి కొంటే 80,000 కిలోమీటర్లు వచ్చిందనుకో, కిలోమీటరుకు 25 పైసలు. రీట్రెడ్ 7,000కి వచ్చి 50,000 నడిస్తే 14 పైసలు. మధ్యలోకి 13,000 రూపాయల చౌక కొత్త టైరు వచ్చింది. అది కూడా 50,000 నడుస్తుంది, అంటే 26 పైసలు. కాగితం మీద రీట్రెడ్‌దే గెలుపు. అయినా టైరు పేలుతుందేమోనన్న టెన్షన్ ఉన్నవాడు “ఆరువేలే కదా ఎక్కువ, కొత్తదే పడేద్దాం” అంటాడు. ఆ భయానికీ ఒక ధర ఉంది, దాన్ని తగ్గించేది గ్యారంటీ. అసలు దెబ్బ ఆ తర్వాత పడుతుంది. నాసిరకం కొత్త టైరు అరిగాక దాని కేసింగ్ మళ్లీ బటన్ వేయడానికి పనికిరాదు. ఇవాళ గిరాకీ పోయింది, రెండేళ్ల తర్వాత ముడిసరుకూ పోయింది. 2017లో చైనా బస్సు, లారీ రేడియల్ టైర్ల మీద మన దేశం యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చౌకగా తెచ్చి దించే విదేశీ సరుకు మీద అదనపు పన్ను, వేసింది. అది కొత్త టైర్ల కంపెనీల కోసం వేసిందే అయినా రీట్రెడింగ్ షెడ్లకు దాని అవసరం ఇంకా ఎక్కువ అని నా అభిప్రాయం.

పన్ను సంగతి నీ వ్యాసంలో లేనే లేదు. రీట్రెడ్ టైర్ల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 18 శాతం. కొత్త టైర్ల మీద 28 ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్తవీ 18లోకే వచ్చాయి. పన్ను కాక 20,000 ఉన్న టైరు మీద ఒక్కరోజులో 2,000 తగ్గింది. కట్టిన పన్నును తిరిగి రాబట్టుకోలేని చిన్న లారీ యజమానికి ఆ రెండువేలు పూర్తిగా జేబులో మిగిలినట్టే. రీట్రెడ్ చేసేవాడు తన ధర మీద మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది. ఇలాంటి రోజును పట్టుకుని రాస్తే నీ సమీకరణాలు వాటంతటవే అర్థమవుతాయి.

కోర్ డిపాజిట్ గురించి కాస్త పెంచి రాయి. కోర్ అంటే తిరిగి తయారుచేయడానికి పనికొచ్చే పాత భాగం. క్యాటర్‌పిల్లర్ 1973లోనే రీమాన్యుఫాక్చరింగ్ మొదలుపెట్టింది. అక్కడ ఇంజను భాగం కొనేవాడు ధరతో పాటు కొంత డిపాజిట్ కడతాడు, పాత భాగం తెచ్చి ఇచ్చాక అది వెనక్కి వస్తుంది. మన బ్యాటరీ షాపులో పాత బ్యాటరీ ఇస్తే ధర తగ్గిస్తారే, దాని పక్కన పెట్టి చూపించు. అమ్మే ధర, సేకరించే ధర రెండూ ఒకే బిల్లులో కనబడతాయి.

ఉత్పత్తి విషయంలో నీ ప్రశ్న సరైనదే గానీ జవాబు తొందరపడి ఇచ్చావు. “గిరాకీ ఎంతుంటే అన్ని తయారుచేస్తారు” అన్నావు. ఎన్ని కేసింగులు నిలుస్తాయో బల్బు వెలుగులో చూసేదాకా ఎవరికీ తెలియదు. ఛాంబర్ సగమే నిండినా దాన్ని వేడి చేయాల్సిందే. నిండేదాకా ఆగితే లారీ షెడ్డు బయట నిలబడి ఉంటుంది, కిస్తీ మాత్రం ఆగదు. అందుకని కొందరు నిలవ కేసింగులతో ముందే చేసి పెట్టుకుంటారు. దాంతో డబ్బు ఇరుక్కుంటుంది. ఈ ఇబ్బందిని నువ్వు రెండు పేజీలు రాసినా నేను విసుక్కోకుండా చదువుతాను.

భాష గురించి ఒక్కటే. వీటిని “సెకండ్‌హ్యాండ్” అని రాయకు. సెకండ్‌హ్యాండ్ అంటే ఉన్నది ఉన్నట్టు చేతులు మారడం. ఇక్కడ వస్తువు మీద మళ్లీ పని జరిగింది, ఎవరో దానికి పూచీ పడ్డారు. ఆ పనివాడికి దక్కాల్సిన విలువ మన మాటలో పోకూడదు.

వచ్చే వారం ఏదైనా షెడ్డుకు వెళ్లు. పొద్దున్నే వెళ్తే కేసింగులు దింపేటప్పుడు ఉండొచ్చు. వచ్చినవెన్నో, పక్కన పడేసినవెన్నో, ఎందుకు పడేశారో రాసుకునే పుస్తకం ఉందేమో అడుగు. చూపిస్తే ఒక నెల లెక్కలు దించుకుని, వాటితో వ్యాసం మళ్లీ మొదలుపెట్టి నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ అన్న