ట్యూషన్ మాఫీ అయినా బిల్లు వస్తే ఏం చేయాలి?

అమెరికాలోని కొలంబస్‌లో మీ పక్కింటి భూటాన్ శరణార్థుల అమ్మాయికి ట్యూషన్ మొత్తం మాఫీ అయినా కాలేజీ నుంచి వేల డాలర్ల బిల్లు వచ్చిందనీ, మీరూ మీ తెలుగు సంఘమూ సాయం చేద్దామనుకుంటున్నారనీ అన్నారు కదండీ. చెక్కు రాసేముందు ఆ బిల్లును ఒక్కో లైనూ చదవండి. చాలాసార్లు అందులో పెద్ద పద్దు హెల్త్ ఇన్సూరెన్స్. ఆమెకి ఇప్పటికే మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉంటే, కాలేజీ ఇన్సూరెన్స్ వద్దని వేవర్ (మినహాయింపు దరఖాస్తు) పెట్టొచ్చు. మనం అడగందే వాళ్లంతట వాళ్లు తీసేయరు. గడువు దాటితే కాళ్లావేళ్లా పడ్డా కష్టమే.

ల్యాప్‌టాప్ మీరే కొనేయకండి. ముందు కాలేజీలో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి ధర కాగితం ఇచ్చి, కాస్ట్ ఆఫ్ అటెండెన్స్‌లో (చదువుకయ్యే మొత్తం ఖర్చుకి కాలేజీ వేసే అంచనా; ఆర్థిక సాయం దీన్నిబట్టే లెక్కిస్తారు) కలపమని అడగమనండి. ఫెడరల్ చట్టం అందుకు ఒప్పుకుంటుంది.

అసలు చిక్కు ఇంకోటుంది. మీ తెలుగు సంఘం స్కాలర్‌షిప్ పేరుతో డబ్బిస్తే, కాలేజీ ఆ మేరకు తాను ఆమెకిచ్చే గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేని సాయం) కోసేయవచ్చు. అంటే మీరిచ్చింది కాలేజీకే మిగులుతుంది! ఇచ్చేముందే అలా కోస్తారా అని ఆమెని కాలేజీకి ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోమనండి.

చలికోటు, బస్సు ఛార్జీలు, థాంక్స్‌గివింగ్ సెలవులకి కాలేజీ డైనింగ్ హాల్ మూసేస్తే తిండి: ఇవి ఏ బిల్లులోనూ కనబడవు. మీ డబ్బు వీటికి ఉంచండి. నోట్లు చేతిలో పెడితే వాళ్ల నాన్న మొహమాటపడొచ్చు, కిరాణా గిఫ్ట్ కార్డయితే కాదనరు.